పాత కంప్యూటరు చాలు, కొత్త సాకులు వద్దు

ఎల్లలకు ఆవల ఉండిపోయిన తెలుగువాళ్ళం మనం. మన సమావేశాలలో ఒక మాట తరచుగా వినిపిస్తూ ఉంటుంది: "తెలుగులో రాయాలనే ఉంది, కానీ కంప్యూటర్లో తెలుగు రాదు కదా!" ఈ మాట అన్నవారిని నేను తప్పుపట్టను. వారికి అలా చెప్పి నమ్మించినవారిని తప్పుపడతాను. కంప్యూటర్లో తెలుగు రాకపోవడం అన్నది ఏనాడో తీరిపోయిన సమస్య. తీరిపోయిందన్న కబురు మాత్రం ఎల్ల దాటి మన ఇళ్ళకు చేరలేదు. హైదరాబాదులో ఉన్నవారు మనకు చెప్పలేదు. చెన్నైలోనో బెంగళూరులోనో ఉన్నవారికి చెప్పవలసిన అవసరం లేదు. ఊరిలో కంప్యూటర్లు బాగుచేసే కుర్రవాడికి అసలు తెలియదు. ఈ ముగ్గురి నడుమ మన పిల్లలు తెలుగును ఆంగ్లాక్షరాలలో కుక్కి పంపుకొంటున్నారు.

నేను చెప్పదలచింది ఒక్కటే. ఎవరో వాడి పక్కన పెట్టిన పాత కంప్యూటరు ఒకటి సంపాదించుకొని, డబ్బు పెట్టి కొననక్కరలేని లినక్సు వ్యవస్థను దానిలో వేసుకొంటే, పూర్తి తెలుగు వసతి మన ఇంట్లో ఈ నెలలోనే ఏర్పడుతుంది. దానికి ఏ ప్రభుత్వపు ఉత్తరువూ అక్కరలేదు. ఇంత చేరువలో ఉన్నదాన్ని అందుకోకుండా, భాష పోతున్నదని సభలలో కన్నీరు పెట్టుకోవడం ఇకనైనా మానాలి. హొసూరు ప్రాంతంలో ఏళ్ళ తరబడి బడిపంతులుగా పనిచేసి విరమించినవాణ్ణి. సాంకేతిక నిపుణుణ్ణి కాను. కనుక నేను చెప్పేది ఏ తల్లి అయినా, తండ్రి అయినా చేయగలిగిన పని.

హక్కు కాగితం మీద, అక్షరం ఎక్కడ?

2011 జనగణన ప్రకారం తమిళనాడులో 42 లక్షల మంది, కర్ణాటకలో 35 లక్షలకు పైగా, మహారాష్ట్రలో 13 లక్షల మంది, ఒడిశాలో ఆరున్నర లక్షలకు పైగా మంది తెలుగును మాతృభాషగా నమోదు చేసుకొన్నారు. ఇది చిన్న సంఖ్య కాదు. 1956లో ఏడవ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 350-ఎ అధికరణం, భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన జరిగేందుకు తగిన సదుపాయాలు కల్పించే ప్రయత్నం చేయాలని ప్రతి రాష్ట్రానికీ చెబుతున్నది. దానితోపాటు వచ్చిన 350-బి అధికరణం మన ఫిర్యాదులు వినడానికి ఒక ప్రత్యేక అధికారిని ఏర్పాటు చేసింది.

ఆ తరువాత ఏం జరిగిందో మనకు తెలుసు. తమిళనాడు 2006లో తమిళ అభ్యసన చట్టం తెచ్చింది. ఒకటవ తరగతితో మొదలుపెట్టి ఏడాదికొక తరగతి చొప్పున తమిళాన్ని తప్పనిసరి చేసింది. కర్ణాటక 2015లో కన్నడ అభ్యసన చట్టం తెచ్చింది. మనం ఉంటున్న నేల భాషను మన పిల్లలు నేర్చుకోవడాన్ని నేను వ్యతిరేకించను. నేర్చుకోవలసిందే, బాగా నేర్చుకోవలసిందే. కానీ దానికి చోటు ఇవ్వడానికి అమ్మనుడి బల్ల మీదినుంచి లేచి నిలబడవలసి వచ్చిన తీరును వ్యతిరేకిస్తాను. ఆ పోరాటం న్యాయస్థానాలలోనూ వీధులలోనూ సాగవలసిందే. అయితే అది తేలేలోపు ఒక తరం పిల్లలు తెలుగు చదవకుండా పెద్దవాళ్ళవుతారు. బడిగంటలలో తెలుగుకు చోటు కుదించారు సరే, ఇంటిగంటలను ఎవరు కుదించారు? అవి మన చేతిలోనే ఉన్నాయి.

ఈ ఇంటిగంటలను తెలుగు గంటలుగా మార్చే సాధనాలలో ఒకటి పాత కంప్యూటరు. పుస్తకానికి అది బదులు కాదు. ఎల్ల ఊళ్ళలో తెలుగు పుస్తకం దొరకని చోట పుస్తకాన్ని తెచ్చిపెట్టేదీ, పిల్లవాడు రాసినది అచ్చులో చూపించేదీ అదే.

పారేసిన పెట్టెలో ప్రాణముంది

పెద్ద కార్యాలయాలు కొన్నేళ్ళకొకసారి కంప్యూటర్లను మారుస్తాయి. వాటిలో చాలా భాగం చెడిపోయినవి కావు, కాలం చెల్లిందని ప్రకటించబడినవి. విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కు 2020 జనవరి 14న, విండోస్ 10కి 2025 అక్టోబరు 14న మైక్రోసాఫ్టు సాధారణ మద్దతు ముగించింది. విండోస్ 11 పెట్టే షరతులను పాత యంత్రాలు చాలా వరకు తీర్చలేవు. అందువల్ల చక్కగా పనిచేసే పెట్టెలు గుట్టలుగా అంగడికి వస్తున్నాయి. బెంగళూరు ఎస్.పి. రోడ్డులో తిరిగితే కొన్ని వేల రూపాయలకు అటువంటివి దొరుకుతాయి. నేనూ అక్కడే ఒకటి కొన్నాను. ఒక కార్యాలయంలో ఏళ్ళపాటు పనిచేసి వచ్చిన మేజా కంప్యూటరు అది, నాలుగు జీబీల మెమొరీ ఉన్నది.

కొనేటప్పుడు చూడవలసినవి నాలుగే. మొదటిది, ప్రాసెసరు 64 బిట్లదై ఉండాలి. డెబియన్ అనే ప్రసిద్ధమైన లినక్సు పంపిణీ 2023లో వచ్చిన 12వ విడుదల దాకా 32 బిట్ల యంత్రాలపై స్థాపించుకొనే ప్రతిని ఇచ్చింది. 2025 ఆగస్టులో వచ్చిన 13వ విడుదలలో దానిని ఆపేసింది. మరీ పాత పెట్టెను చవక అని కొంటే ముందుముందు దారి మూసుకొంటుంది. రెండవది, మెమొరీ కనీసం రెండు జీబీలు, వీలైతే నాలుగు ఉండాలి. మూడవది, హార్డ్ డిస్కు టకటకమని శబ్దం చేస్తున్నదా అని చెవి పెట్టి వినాలి. దానిని తీసి చిన్న ఎస్ఎస్‌డీ వేయించుకొంటే అదే పాత పెట్టె లేచి పరుగెడుతుంది. పెట్టే ఖర్చులో ఇంతకంటె ఫలమిచ్చేది మరొకటి లేదు. నాలుగవది, తీసివేసి మళ్ళీ పెట్టినప్పుడు తేదీ ఎన్నో ఏళ్ళు వెనక్కి పోతున్నదంటే లోపలి బొత్తాం బ్యాటరీ అయిపోయిందని అర్థం. చేతిగడియారాలమ్మే అంగడిలో సిఆర్2032 అని అడిగితే ఇస్తారు. ఈ చిన్న బ్యాటరీ సంగతి తెలియక, "ఇంటర్నెట్టు తెరుచుకోవడం లేదు, కంప్యూటరు పాడైంది" అని మూలన పడేసిన ఇళ్ళు నాకు తెలుసు. తేదీ తప్పుగా ఉంటే భద్రత ఉన్న సైట్లు తెరుచుకోవు. అంతే తప్ప యంత్రానికి వచ్చిన రోగమేమీ లేదు.

"అందరూ అట్లే చేస్తారు కదా అయ్యవారూ!"

నా పెట్టెలో లినక్సు వేయడం చూసి మా ఊరి రిపేరు కుర్రవాడు జాలిపడ్డాడు.

"అయ్యవారూ, ఇది మనకు పనికిరాదు. మూడు వందలివ్వండి, విండోసు వేసిస్తాను."

"నాయనా, ఆ మూడు వందలు దాన్ని తయారుచేసినవాళ్ళకు చేరతాయా?"

"అందరూ అట్లే చేస్తారు కదా అయ్యవారూ!"

ఆ కుర్రవాడు చెడ్డవాడు కాడు. అతనికి తెలిసిన లోకం అంతే. కానీ ఈ "అందరూ అట్లే" అన్న మాట మీదనే నా పోరాటం. దొంగప్రతి వేసుకొన్న కంప్యూటరుకు భద్రతా మార్పులు సరిగా అందవు, వైరస్సులు దానిలోనే కాపురం పెడతాయి. దానికంటె పెద్ద నష్టం మరొకటి ఉంది. హక్కుల కోసం నిలబడే మనిషి తన ఇంట్లో దొంగసరుకు పెట్టుకొని నిలబడలేడు. డబ్బు చెల్లించి విండోస్ వాడుకొనేవారితో నాకు తగవు లేదు. విండోస్‌లో కూడా ఎక్స్‌పీ కాలం నుంచి తెలుగు యూనికోడ్ ఉంది. కొనలేని కుటుంబం ఏం చేయాలన్నదే ప్రశ్న. ఆ కుటుంబానికి న్యాయమైన దారి ఒకటి ఉన్నది.

1991లో ఫిన్లండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్సు కెర్నెలు, అంతకుముందే 1983లో రిచర్డ్ స్టాల్మన్ ప్రకటించిన గ్నూ పథకంలోని పనిముట్లు కలిసి ఈ వ్యవస్థ అయింది. దీనిని ఎవరైనా తీసుకోవచ్చు, పొరుగువారికి పంచిపెట్టవచ్చు, మార్చుకోవచ్చు. అందుకే దీనికి ఎవరి అనుమతీ లేకుండా తెలుగు వచ్చింది. లాభం లేదని ఏ కంపెనీ అయినా ఒక భాషను వదిలివేయవచ్చు; ఇక్కడ ఆ భాషవాళ్ళే పూనుకొంటే చాలు. హైదరాబాదులోని స్వేచ్ఛ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమ సంస్థ పూర్తిగా తెలుగులో కనిపించే నిర్వహణ వ్యవస్థను తయారుచేసి చూపింది. కంప్యూటరుకు తెలుగు తెలియదన్న వాదానికి అక్కడితో చుక్క పడింది.

మొదటి రోజు చేయవలసిన పని

భయం లేకుండా మొదలుపెట్టడానికి ఒక మంచి ఏర్పాటు ఉంది. లినక్సును పెన్‌డ్రైవు నుంచే నడిపి చూడవచ్చు. ఇంటర్నెట్టు ఉన్న చోట లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ ప్రతినో, డెబియన్ లైవ్ ప్రతినో దింపుకొని, రూఫస్ వంటి చిన్న ఉపకరణంతో ఎనిమిది జీబీల పెన్‌డ్రైవు మీదికి ఎక్కించాలి. పాత కంప్యూటరుకు దానిని తగిలించి, పెట్టె లేస్తుండగా ఎఫ్12 గాని, ఎఫ్9 గాని, ఎస్కేప్ మీట గాని నొక్కితే ఎక్కడినుంచి లేవాలని అడుగుతుంది. పెన్‌డ్రైవు అని చెప్పాలి. అంతవరకు హార్డ్ డిస్కులోని ఏ వస్తువూ కదలదు. తెర, శబ్దం, వైఫై, ప్రింటరు పనిచేస్తున్నాయా అని తీరికగా చూసుకోవచ్చు. నచ్చకపోతే పెన్‌డ్రైవు లాగేస్తే పాత వ్యవస్థ అలాగే ఉంటుంది.

నచ్చితే స్థాపించుకోవాలి. అప్పుడు మాత్రం హార్డ్ డిస్కు మొత్తం తుడిచివేస్తానని అది అడుగుతుంది, కనుక పాత ఫొటోలు, కాగితాలు ఉంటే ముందే వేరే చోట దాచుకోవాలి. డెబియన్ స్థాపించేవారికి భాషల పట్టికలో "తెలుగు" అని తెలుగు లిపిలోనే కనిపిస్తుంది. దానిని ఎంచుకోండి. ఆ మీద వచ్చే ప్రశ్నలు తెలుగులో వస్తాయి. కంప్యూటరు మనల్ని మన భాషలో ప్రశ్న అడగడం మన ఎల్ల ఊళ్ళలో ఎంతమంది చూశారు?

కొత్త ఇల్లు కనుక వాకిళ్ళు వేరుగా ఉంటాయి. సి డ్రైవు, డి డ్రైవు అని ఉండవు. మీ వస్తువులన్నీ మీ పేరుతో ఉన్న ఇంటి సంచయంలో ఉంటాయి. సాఫ్ట్‌వేర్ కోసం ఎక్కడెక్కడో వెతికి దింపుకోనక్కరలేదు. అన్నీ ఒకే భాండాగారం నుంచి వస్తాయి. ఏదైనా వేయాలంటే రహస్యపదం అడుగుతుంది. అది విసిగించడానికి కాదు, పిల్లవాడు పొరపాటున వ్యవస్థను చెరపకుండా ఉండడానికి. వారం రోజులలో ఇవన్నీ అలవాటవుతాయి. కొత్త కోడలికి అత్తవారింట ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలియడానికి ఎన్ని రోజులు పడుతుందో అన్ని రోజులే.

ఇబ్బందులు లేవని నేను బొంకను. కొన్ని ప్రింటర్లు, కొన్ని పాత వైఫై చీటీలు మొరాయిస్తాయి. కొన్ని సాఫ్ట్‌వేర్లు విండోస్‌లోనే నడుస్తాయి. తెరమీది మాటలు అన్నీ తెలుగులోకి రాలేదు. సగం తెలుగు, సగం ఇంగ్లీషు కనబడే చోట్లు ఉన్నాయి. ఫైలుకు దస్త్రం అనీ, బ్రౌజరుకు విహారిణి అనీ పెట్టిన పేర్లు మొదట నవ్వు తెప్పించవచ్చు. నచ్చకపోతే మంచి మాట సూచించే దారి ఇక్కడ తెరిచే ఉంది. బళ్ళారి మాట, బరంపురం మాట, సిరోంచ మాట ఈ అనువాదాలలోకి వెళ్ళనిదే అవి అందరి తెలుగు ఎలా అవుతాయి?

ఒకే పలక, అయిదు భాషలు

ఇక అసలు సంగతి, తెలుగు టైపు చేయడం. కీబోర్డు అమరికలలో "ఇండియన్, తెలుగు" అన్నది చేర్చుకొంటే ఇన్‌స్క్రిప్ట్ పలక వస్తుంది. 1986లో కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ ప్రమాణీకరించిన పలక ఇది. అచ్చులూ గుణింతపు గుర్తులూ ఎడమచేతి వైపు, హల్లులు చాలావరకు కుడిచేతి వైపు ఉంటాయి. పిల్లలకు నేను నేర్పే తొలి పాఠం ఇది: ఇంగ్లీషు 'కె' మీట నొక్కితే 'క', షిఫ్ట్‌తో నొక్కితే 'ఖ'. 'ఐ' మీట మీద 'గ', 'ఎల్' మీద 'త', 'ఎన్' మీద 'ల', 'సి' మీద 'మ'. 'డి' మీట మీద పొల్లు ఉంటుంది. షిఫ్ట్‌తో నొక్కితే 'అ'. కనుక అమ్మ అని రాయాలంటే షిఫ్ట్ 'డి', ఆపైన 'సి', 'డి', 'సి'. మ కు పొల్లు పెట్టి మళ్ళీ మ రాస్తే మ్మ అవుతుంది. ఒత్తు అంటే ఏమిటో పలక మీద నేర్చుకోని పిల్లవాడికి కీబోర్డు నేర్పుతుంది.

మన ఎల్ల కుటుంబాలవారు శ్రద్ధగా వినవలసిన మాట ఒకటుంది. ఇదే 'కె' మీట కన్నడ ఇన్‌స్క్రిప్ట్‌లోనూ 'క'యే, తమిళంలోనూ 'క'యే, ఒడియాలోనూ 'క'యే, మరాఠీలోనూ 'క'యే. భారతీయ లిపుల వర్ణమాల ఒకటే కనుక మీటల చోటు ఒకటే. తెలుగు టైపు నేర్చిన హొసూరు పిల్లవాడు తమిళంలోనూ, బాగేపల్లి పిల్లవాడు కన్నడంలోనూ, రాయగడ పిల్లవాడు ఒడియాలోనూ, దెగ్లూరు పిల్లవాడు మరాఠీలోనూ టైపు చేయడం దాదాపు నేర్చేసినట్లే. తెలుగు నేర్పితే రాష్ట్ర భాషలో వెనకబడతారని మనల్ని బెదిరించేవారికి ఇంతకంటె మంచి జవాబు నాకు కనబడలేదు. రెండు భాషల బిడ్డకు రెండు బరువులు లేవు. ఒకే పలక మీద రెండు వరసలు ఉన్నాయి.

ఆంగ్లాక్షరాలు కొట్టి తెలుగు రప్పించే పద్ధతులూ ఉన్నాయి. 1990ల తొలి ఏళ్ళలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో తెలుగు విద్యార్థులు రూపొందించిన ఆర్.టి.ఎస్. వాటిలో పేరున్నది. ఇల్లు విడిచి దూరం పోయినవాళ్ళు, తెలుగు కీబోర్డే లేని నాడు, అమ్మనుడిని వదలకుండా పట్టుకోవడానికి వేసుకొన్న నిచ్చెన అది. వారికి దండం పెడతాను. లినక్సులో ఆ పద్ధతి కూడా దొరుకుతుంది, ఇంగ్లీషు వచ్చిన పెద్దలు వాడుకోవచ్చు. కానీ ఆరేళ్ళ బిడ్డకు దానిని నేర్పవద్దని వేడుకొంటున్నాను. 'క' రాయడానికి 'కె', 'ఎ' అని తలచుకొనే బిడ్డ తన ఇంటి గడపలోకి పక్కింటి వాకిలి గుండా రావడం నేర్చుకొంటాడు. ఇక ఆంగ్లాక్షరాలలోనే తెలుగును వదిలివేసే అలవాటైతే మరీ ఘోరం. ల కూ ళ కూ తేడా పోతుంది, న కూ ణ కూ తేడా పోతుంది, హ్రస్వదీర్ఘాలు పోతాయి. లిపి పోయిన తరువాత మిగిలేది మాట్లాడే తెలుగు మాత్రమే. అది కూడా ఇంకెంతకాలం?

క అంటే 3093

అచ్చు పనుల కోసం తయారైన పాత ఖతులతో ఇంకా కాలక్షేపం చేస్తున్న మన సంఘాలకు ఒక మాట. ఆ ఖతులు తెలుగును తెలుగుగా దాచవు. ఇంగ్లీషు అక్షరాల చోట తెలుగు బొమ్మలు పెడతాయి. అదే ఖతి అవతలివాడి దగ్గర లేకపోతే మీ విన్నపం పిచ్చిగీతలుగా కనబడుతుంది. వెతికితే దొరకదు, వేరే చోట అతికిస్తే నిలవదు. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి సంచికలోనే తెలుగుకు చోటు దక్కింది. 128 గళ్ళు మన లిపికి కేటాయించారు. అందులో 'క' సంఖ్య 3093. చెన్నైలోనైనా, చంద్రపూర్‌లోనైనా, యానాంలోనైనా, చికాగోలోనైనా 'క' అంటే 3093. ఎల్లలు గీసినవారు మన ఊళ్ళను నాలుగు రాష్ట్రాలలో కలిపారు. ఈ గళ్ళలో మాత్రం మన అక్షరం విడిపోలేదు. ఖతులకూ కరువు లేదు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు తయారుచేసి ఉచితంగా ఇచ్చిన పోతన, వేమన ఖతులు లినక్సు భాండాగారంలోనే ఉన్నాయి, లోహిత్ ఉంది.

ఇవి సిద్ధమయ్యాక పని మొదలవుతుంది. లిబ్రేఆఫీసులో తెలుగు విన్నపం రాసి అచ్చు తీయవచ్చు. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాను కివిక్స్ అనే ఉపకరణంతో ఒకసారి దింపుకొంటే, ఇంటర్నెట్టు లేని ఊరిలోనూ పిల్లలు చదువుకోవచ్చు. చూపు తగ్గిన పెద్దలకు ఈస్పీక్ చదివి వినిపిస్తుంది. గొంతు కాస్త బొంగురే, అయినా తెలుగే. పాత పుస్తకపు పుటను స్కాను చేస్తే టెస్సెరాక్ట్ దానిని అక్షరాలుగా మారుస్తుంది, తప్పులు మనం దిద్దుకోవాలి. అన్నింటికంటె ముఖ్యం, మన అవ్వలు పాడే దంపుళ్ళ పాటలు, పెండ్లి పాటలు, ఆంధ్రలో ఎవరూ అనని మన ఊరి మాటలు రికార్డు చేసి, విని రాసి పెట్టుకోవడం. ఈ పని ఇంకెవరూ చేయరు. చేయగలిగినవారు మన ఇళ్ళలో వయసు మీరి ఉన్నారు.

గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉంటూ, చుట్టుపక్కల కొండలలోని సవరల భాష నేర్చుకొని, వారి కోసం తెలుగు లిపిలో పుస్తకాలు రాశారు. ఆయన సవర భాషా గ్రంథం 1931లో వెలువడింది. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసింది. ఆ మహనీయుడి చేతిలో కాగితమూ కలమూ తప్ప మరే సాధనమూ లేదు. తన భాష కాని భాషకు ఆయన అంత చేస్తే, మన భాషకు మనం ఒక పాత పెట్టె ముందు కూర్చోలేమా?

చెప్పే సాకులు, నా జవాబులు

ఫోను ఉన్నది కదా, కంప్యూటరెందుకు అంటారు. ఫోను చూడడానికి, మాట్లాడడానికి మంచిది. నాలుగు పుటల వ్యాసం రాయడానికి, పదాల పట్టిక కూర్చడానికి, నలుగురు పిల్లలను కూర్చోబెట్టి వేళ్ళు తిప్పడం నేర్పడానికి అది చాలదు.

లినక్సు నేర్చుకొంటే ఉద్యోగం వస్తుందా అంటారు. మీ చేతిలోని ఆండ్రాయిడ్ ఫోను గుండెలో ఉన్నది లినక్సు కెర్నెలే. ప్రపంచపు సర్వర్లలో అత్యధికం దానిమీదనే నడుస్తాయి. కేరళ ప్రభుత్వం బడులలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తోనే కంప్యూటరు నేర్పింది. మలయాళం టైపు చేయడం పిల్లల పాఠాలలో భాగమైంది. ఆ పిల్లలకు ఉద్యోగాలు రాలేదా?

ప్రభుత్వం ఇస్తే చూద్దాం అంటారు. ఇచ్చింది! తమిళనాడులో 2011లో మొదలైన ఉచిత లాప్‌టాప్ పథకంలో పంచిన యంత్రాలలో విండోస్ పక్కనే బాస్ లినక్సు కూడా ఉండేది. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ చెన్నైలో తయారుచేసిన ఆ వ్యవస్థకు తెలుగు తెలుసు. మన పిల్లల ఒడిలోకి తెలుగు వచ్చి కూర్చుంది. దానిని తెరిచి చూపినవారు లేరు. ఇందులో ప్రభుత్వం వంతు ఎంతో, మన సంఘాల వంతు ఎంతో పాఠకులే తేల్చండి.

అడగవలసినవి, చేయవలసినవి

మనం ఉన్న రాష్ట్రాల ప్రభుత్వాలను నేను అడిగేది ఇది: తెలుగు పిల్లలు చదివే ప్రతి బడిలోని కంప్యూటరు గదిలో తెలుగు కీబోర్డు అమరిక తెరిచి ఉంచండి. పైసా ఖర్చు లేదు, ఒక అమరికలో ఒక గుర్తు పెట్టాలి. ఖర్చు లేనిదానిని కూడా నిరాకరిస్తే, అప్పుడు అడ్డువచ్చేది నిధుల కొరత కాదని అందరికీ తేటతెల్లమవుతుంది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలను అడిగేది: తెలుగు పాఠ్యపుస్తకాలను యూనికోడ్ పాఠంగా అందరికీ అందుబాటులో పెట్టండి. అవి ఎల్ల దాటడానికి లారీలు అక్కరలేదు, పెన్‌డ్రైవు చాలు.

మన సంఘాలను అడిగేది: వచ్చే వార్షికోత్సవపు శాలువల ఖర్చులో ఒక భాగంతో ఒక పాత కంప్యూటరు కొని సంఘం గదిలో పెట్టండి. ఆదివారం రెండు గంటలు తెరవండి. రిపేరు కుర్రవాణ్ణి పిలిచి లినక్సు వేయడం నేర్పండి. అతనికీ అది ఒక బతుకుతెరువు అవుతుంది. సంఘం ఉత్తరాలన్నీ యూనికోడ్‌లో రాయండి.

తల్లిదండ్రులను అడిగేది అన్నింటికంటె చిన్నది. పెట్టె సిద్ధమైన రోజున పిల్లవాడి చేత మొదట తన పేరు, ఆపైన తన అవ్వ పేరు, ఊరి పేరు తెలుగులో కొట్టించండి. అచ్చు తీసి గోడకు అంటించండి. ఆ తరువాత వారానికొక పుట రాయించండి. బడి అడ్డుపడినా, కార్యాలయం పక్కకు తోసినా, ఆ పుటను ఆపగలిగే చట్టం ఈ దేశంలో లేదు. ఏడాది గడిచేసరికి ఇంటికి యాభై పుటలు పోగవుతాయి. అటువంటి వేయి ఇళ్ళ పుటలను కట్టగట్టి భాషా అల్పసంఖ్యాకుల అధికారి బల్ల మీద పెట్టిననాడు, ఎల్ల ఊళ్ళలో తెలుగు చదివేవారే లేరన్న మాట ఎవరూ అనలేరు.